మజ్జ మార్పిడి ఒక్కటే ఖర్చు కాదు

పేద దేశాల్లోనూ ఎముక మజ్జ మార్పిడి సాధ్యమేనన్న వ్యాసం బాగుంది. నిజమే, ముంబయిలో 1983లోనూ, వేలూరులో 1986లోనూ మొదలైన చికిత్స ఇది. కానీ వ్యాసమంతా మార్పిడి చేసే వార్డు చుట్టూనే తిరిగింది. అసలు అక్కడిదాకా చేరేదెలా?

మాది శ్రీకాకుళం జిల్లా. మా మేనల్లుడికి అప్లాస్టిక్ ఎనీమియా. మజ్జలో రక్తకణాలు తయారవడం దాదాపు ఆగిపోతుంది. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే నాలుగు నెలలు ఐరన్ మాత్రలు ఇచ్చారు! ఐరన్ లోపం కానప్పుడు అవెందుకు? ఒక్క రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా పడిపోయాయని ఎవరైనా చూసి ఉంటే మజ్జ పరీక్షకు అప్పుడే పంపేవారు.

ఇంకో పొరపాటు మాదే. ప్రేమకొద్దీ అన్నదమ్ములమంతా రక్తం ఇచ్చాం. మార్పిడి చేయాల్సివచ్చే రోగికి దగ్గరి బంధువుల రక్తం ఎక్కించకూడదట, ఆ తర్వాత వారి మజ్జనే శరీరం తిప్పికొట్టే ప్రమాదం పెరుగుతుంది. ఈ మాట ముందు చెప్పినవారే లేరు. తోబుట్టువు మజ్జ రోగికి సరిపోయే అవకాశం ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు. వాడికి ఉన్నది ఒక్క చెల్లెలు, సరిపోలేదు. ఇప్పుడు మార్పిడి లేకుండా, రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్ అనే మందు మీద ఉన్నాడు.

ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిల్వ ఉండవు. అవసరం పడ్డ ప్రతిసారీ విశాఖకు పరుగే, కూలి పోగొట్టుకుని. ఆ ఖర్చు ఏ పథకం లెక్కలోకీ రాదు. వేలూరు కోసం శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో, వేలూరుకు దగ్గరి స్టేషనైన కాట్పాడికి రైలెక్కిన రాత్రి మా బావ అమ్మింది రెండు గేదెలను.