కూడారై నాడు మా చెల్లి ఒళ్ళో పది రూపాయల నోటు

పొద్దున ఆరున్నరకు గుడి నుంచి ఇంటికొచ్చాం. ఇప్పుడు రాత్రి తొమ్మిదైంది. ఇంకా నా ఒళ్ళు మండుతానే ఉంది. రాయకపోతే నిద్ర పట్టదు, అందుకే రాస్తా ఉన్నా.

ధనుర్మాసం కదా. తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై, అంటే ఆండాళ్ పాడిన ముప్పై తమిళ పాశురాలు, వినిపించే నెల. తిరుపతిలో మా వీధి చివరి చిన్న గుడిలో కూడా తెల్లవారుజామున గోష్ఠి జరుగుతుంది, అందరూ కూర్చుని పాశురాలు కలిసి పాడతారు. ఈ రోజు 27వ రోజు, 'కూడారై' అని మొదలయ్యే పాశురం పాడే రోజు. పాలూ నెయ్యీ ముట్టకుండా నోము పట్టిన గోపికలు, మోచేతి మీదుగా నెయ్యి కారే పాలన్నాన్ని అందరూ కలిసి కూర్చుని తినే రోజు. కలిసి కూర్చోవడమే ఆ పాశురానికి ప్రాణం.

మా చెల్లి మాత్రం గేటు బయట, చెప్పులు విడిచే చోట కూర్చుంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం చెప్తా ఉన్నా. చెల్లికి రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. తిరుపతిలోని బర్డ్ ఎముకల ఆసుపత్రిలో ఆపరేషన్, ఆ తర్వాత చాలా ఏళ్ళు కాళ్ళకు ఊతంగా కట్టే కాలిపర్లు, ఇప్పుడు వీల్‌చైర్. హైస్కూల్లో లెక్కలు చెప్తుంది. ముప్పై పాశురాలూ పుస్తకం చూడకుండా చెప్తుంది. తమిళం అక్షరం రాని మా వీధి ఆడవాళ్ళలో సగం మందికి వాట్సాప్‌లో ఒక్కో పాదం పలికి పంపి నేర్పించింది ఆమే. 26 రోజులు ఇంట్లోనే ఫోన్లో వింటా గొంతు కలిపింది. కూడారై నాడైనా గోష్ఠిలో కూర్చోవాలని ఆశపడింది. అడిగింది అంతే.

గుడికి మూడు మెట్లు. ఎత్తడానికి ఇద్దరు పిల్లోళ్ళు సిద్ధంగా ఉన్నారు. చక్రాలు కడగడానికి బక్కెట్‌తో నీళ్ళు, తుడవడానికి పాత పంచె ముక్క నేనే పట్టుకెళ్ళాను. కమిటీ పెద్దాయన అడ్డం వచ్చాడు.

"ఏం మా, రోడ్డు మీద తిరిగిన చక్రాలు గుడిలోకి ఎట్లా వస్తాయి?"

"కడుగుతాను సామీ, మీ కళ్ళ ముందరే కడుగుతాను."

"ఈ రోజు ఒప్పుకుంటే రేపు అందరూ బండ్లతోనే లోపలికొస్తారు. పాపం దివ్యాంగురాలు, ఆ పిల్లను ఇబ్బంది పెట్టేదెందుకు? బయటే కూసోనీ, అన్నీ మేమే తెచ్చిస్తాం."

తీర్థం తెచ్చారు. దొన్నెలో చక్కెర పొంగలి తెచ్చారు. శఠారి, అదే శఠగోపం, రాలేదు. లోపల అందరి తల మీదా పెట్టిన శఠారి ఆ మూడు మెట్లు దిగి మా చెల్లి తల దాకా రాలేదు.

ఇంత జరిగినా ఓర్చుకునేదాన్నేమో. గోష్ఠి అయ్యాక జనం బయటికొస్తా ఉన్నారు. ఎవరో పెద్దావిడ చెప్పులేసుకుని, కొంగుముడి విప్పి పది రూపాయల నోటు తీసి, మా చెల్లి ఒళ్ళో పెట్టి, తల నిమిరి వెళ్ళిపోయింది. పట్టుచీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని, ఒళ్ళో పాశురాల పుస్తకం పెట్టుకున్న మనిషి! ఆవిడకు చక్రాలొక్కటే కనబడ్డాయి. గుడి బయట చక్రాల కుర్చీలో ఉంటే అడుక్కోవడానికే ఉంటారని ఆవిడకు ఎవరు నేర్పారు? లోపల ఒక్కరైనా అట్లా కూర్చోవడం ఆవిడ జన్మలో చూసి ఉండదు.

"అక్కా, దీన్ని హుండీలో వేసెయ్" అనింది చెల్లి. ఇంటికొచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

ఏళ్ళ తరబడి ర్యాంప్ కట్టమని అడుగుతా ఉన్నాం. స్థలం లేదంటారు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి. ఆరేసి అంగుళాల మూడు మెట్లంటే అడుగున్నర, అంటే 18 అడుగుల వాలు. గోడ పక్కన కమిటీవాళ్ళ స్కూటర్లు నిలబెట్టే చోటే అంతకంటే ఎక్కువుంది, నేను టేపుతో కొలిచాను. మొన్న ఉగాదికి అవే మూడు మెట్లకు నున్నటి గ్రానైట్ వేయించారు. పట్టుకోవడానికి పక్కన ఒక కమ్మీ కూడా పెట్టలేదు. వానొస్తే ముసలివాళ్ళు జారి పడతా ఉన్నారు.

ఇది వాళ్ళ దయ మీద ఆధారపడిన విషయం అనుకుంటున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ప్రజా భవనం అంటే ఏమిటో రాశారు. ప్రైవేటుదైనా సరే, జనం వచ్చిపోయే భవనం. అందులో మతపరమైన పనులకు వాడేవి అని విడిగా పేర్కొన్నారు. పాత భవనాలను సరిచేయడానికి రూల్స్ వచ్చినప్పటి నుంచి ఐదేళ్ళు గడువిచ్చారు. రూల్స్ 2017లో వచ్చాయి. గడువు 2022లోనే అయిపోయింది. మా పెద్దాయనకు దివ్యాంగురాలు అనే మాట మాత్రం నోటికొచ్చింది.

మా గుడి ఒక్కదాన్నే అనడం లేదు. చెల్లితో పనిచేసే టీచరమ్మ ఒకసారి ప్రేమగా వాళ్ళ క్రైస్తవుల ఉపవాస ప్రార్థనకు పిలిస్తే పోయింది. అందరూ చుట్టూ చేరి తల మీద చేతులేసి, విశ్వాసం ఉంటే లేచి నడువమని గంటసేపు ప్రార్థన చేశారట. ఆమె లేవలేకపోతే ఆమె విశ్వాసమే తక్కువైనట్టు చూశారట. ఒక చోట చక్రాలు మైల, ఇంకో చోట కాళ్ళు బాగుపడితేనే భక్తి. ఉన్నదున్నట్టుగా వచ్చి కూర్చో అనేవాళ్ళు యాడ ఉన్నారు?

అలిపిరి నుంచి కొండెక్కేటప్పుడు మోకాళ్ళ పర్వతం వస్తుంది. ఆ కొండను కాలితో తొక్కకూడదని రామానుజులవారు మోకాళ్ళ మీద ఎక్కారని పెద్దలు చెప్తారు. ఇప్పటికీ మొక్కుకున్నవాళ్ళు అక్కడ మోకాళ్ళ మీద ఎక్కుతారు, పక్కనున్నవాళ్ళు గోవిందా అంటా దండం పెడతారు. కాలిపర్లు రాకముందు మా చెల్లి ఇల్లంతా మోకాళ్ళ మీదే పాకేది. మా పెద్దమ్మ మొహం పక్కకు తిప్పుకుని "పోయిన జన్మలో ఏం పాపం చేసిందో" అనేది. ఏటేటా మోకాళ్ళ పర్వతం మీద కర్పూరం వెలిగించి వచ్చే మనిషే ఆ మాట అనేది.

పెద్దమ్మ మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. 2008లో చిత్తూరులో నా పెళ్ళి. తోడపెళ్ళికూతురిగా చెల్లి కూర్చోవాలి, సొంత చెల్లెలు కదా. "మగపెళ్ళివాళ్ళు ఏమనుకుంటారో, ముహూర్తం వేళ ఎదురుగా వద్దు" అని పెద్దమ్మ పిన్ని కూతురిని కూర్చోబెట్టింది. తాళి కట్టేటప్పుడు చెల్లి విడిది గదిలో మా నగల సంచికి కాపలా ఉంది. నా పెళ్ళి ఆల్బంలో చెల్లి లేదు. నేను నోరు తెరవలేదు. ఒక్క మాట, "నా చెల్లి రాకపోతే నేను పీటల మీద కూర్చోను" అంటే పెళ్ళి ఆగిపోయేదా? ఈ రోజు గేటు దగ్గర అంత గట్టిగా అరిచింది ఆ పెద్దాయన ఒక్కడి మీద కోపంతోనే అయి ఉండదు. 19 ఏళ్ళ పిల్ల పట్టు పరికిణీలో ఆ గదిలో ఒక్కతే కూర్చున్నది ఇప్పటికీ నా కళ్ళ ముందర ఉంది. ఆమె ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు.

ఇది రాస్తా ఉంటే పక్క గదిలో చెల్లి ఫోన్ మోగింది. పొద్దున లోపల కూర్చున్నవాళ్ళలో ఒకావిడ. రేపటి 28వ పాశురంలో రెండో పాదం నోరు తిరగడం లేదంట. చెల్లి నిదానంగా, ఒక్కో మాట విడగొట్టి చెప్తా ఉంది. ఇప్పటికి మూడోసారి.