తుఫాను షెల్టర్ తాళంచెవి గారికి

శ్రీయుతులు తాళంచెవి గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు అక్కడ క్షేమమని తలుస్తాను. ఆ ‘అక్కడ’ ఎక్కడో ఊళ్ళో ఎవరికీ తెలీదు కాబట్టి ఈ ఉత్తరం ఇలా నలుగురిలో రాయాల్సి వచ్చింది. ఏమీ అనుకోకండి.

నిన్న పొద్దున పంచాయతీ మనిషి మా ఇంటికొచ్చాడు. తుఫాను రాత్రి షెల్టర్ తాళం పగలగొట్టినవాళ్ళలో నా పేరే మొదట ఉందట, కొత్త తాళం కప్పకి 480 రూపాయలు కట్టాలట. నేను కాదన్లేదు. కొట్టింది మా వీధి చివర వలలల్లే ఆయనే అయినా, గునపం మాది. అసలు ముద్దాయిని నేనే.

అయినా మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

ఆ మంగళవారం, 2025 అక్టోబరు 28న, మొంథా తుఫాను గురించి మాకు తెలియందేముంది చెప్పండి. పొద్దున్నుంచీ ఫోను కుయ్యిమంటూనే ఉంది. బందరుకి ఎంత దూరంలో ఉందో, గంటకి ఎన్ని కిలోమీటర్లు నడుస్తోందో, రాత్రికి ఎటు మళ్ళుతుందో అన్నీ చెప్పారు. చెప్పినట్టే అర్ధరాత్రి వేళకి నరసాపురం దగ్గర తీరం దాటింది. నడిసముద్రంలో గిరగిరా తిరిగేదాని ఆచూకీ తెలిసింది. మూడంగుళాల ఇత్తడి ముక్క, తమరి ఆచూకీ మాత్రం ఏ ఉపగ్రహానికీ అందలేదు.

షెల్టర్ ఎక్కడంటే మా ఊళ్ళో మూడేళ్ళ పిల్లాడు కూడా చెయ్యి చాపి చూపిస్తాడు. స్తంభాల మీద లేపి కట్టిన మేడ ఊరి మొత్తానికీ అదొక్కటే. ఉప్పెనొస్తే నీళ్ళు కింద నుంచి పోవాలని ఆ స్తంభాలు. నీళ్ళకి దారి వదిలారు. మనుషులొచ్చే మెట్ల దగ్గర మాత్రం ఇనప గ్రిల్లు, దానికో కప్ప.

మధ్యాహ్నం రెండింటికి మైకు ఆటో వచ్చింది. పల్లపు వీధులవాళ్ళంతా వెంటనే షెల్టర్‌కి వెళ్ళాలంది. వెళ్ళాం. వీఆర్వో గారిని అడిగితే మీరు సచివాలయంలో ఉన్నారన్నాడు. సచివాలయంలో, ఇదివరకు షెల్టర్లో బడి నడిచేది కదా, హెడ్మాస్టరు గారి దగ్గరే ఉంటారన్నారు. హెడ్మాస్టరు గారు పాపం నిజాయితీపరుడు, సొరుగంతా మంచం మీద బోర్లించి చూపించాడు. సుద్దముక్కలు, రెండు అరిగిపోయిన స్టాంపులు, ఎవరిదో పాలపన్ను. మీరు లేరు. బడి ఊడ్చే ఆయమ్మ చెప్పింది అసలు సంగతి: “ఆ తాళం ఎప్పుడో మారిపోయిందయ్యా. లోపల రొయ్యల మేత బస్తాలు పెట్టుకున్నారుగా, ఆ ఆసామే కొత్తది వేశాడు.”

ఆసామి ఇంటికి పరిగెత్తాం. అప్పటికి నాలుగున్నర. గాలికి అరటిచెట్లు నడుం వంచేశాయి. ఆసామి భార్య గుమ్మంలోకొచ్చి, “ఆయన తమ్ముడి కూతురి నిశ్చయ తాంబూలాలకి బెజవాడ వెళ్ళారండీ” అంది. తాళంచెవి ఇంట్లో లేదా అన్నాం. ఆవిడ కాస్త సిగ్గుపడి, “ఆయన మొలతాడుకి కట్టుకుంటారండీ” అంది.

అంటే మేం వానలో ఊరంతా గాలిస్తున్న వేళ తమరు బెజవాడలో, గాడిపొయ్యి పక్కన వెచ్చగా, సాక్షాత్తూ ఆసామి బొడ్డు కింద కొలువై పూర్ణాలు ఆరగిస్తున్నారన్నమాట. అరగాలి కదండీ మరి.

వేసంగిలో మాక్ డ్రిల్ జరిగినప్పుడు మీరు ఎంత చక్కగా హాజరయ్యారో గుర్తుందా? తలుపులు బార్లా తెరిచి, మావిడి తోరణాలు కట్టి, మా వలలాయన్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఫొటోలు తీశారు. ఓట్ల రోజైతే సరే సరి, తెల్లారుజామునే వచ్చేస్తారు. మీకు గిట్టనిది ఒక్క తుఫానే.

రేవుల్లో ఎగరేసే హెచ్చరికల్లో పదకొండో నంబరు ఒకటుంది, తెలుసా? పదో నంబరు మహా ప్రమాదం. పదకొండంటే అంతకన్నా పెద్ద తుఫాననుకుంటారు చాలామంది. కాదు. హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని దానర్థం. ఎండాకాలం, వానాకాలం, చలికాలం, మీ విషయంలో మా ఊరి మీద ఎప్పుడూ పదకొండే ఎగురుతోంది.

వాట్సాప్‌లో ‘జాగ్రత్తగా ఉండండి’ అని దణ్ణాలు పెట్టిన హైదరాబాదు బంధువులకి విడిగా రాస్తాను.

మా మామ్మ సంగతి చెప్పాలి. డెబ్భై ఎనిమిదేళ్ళు. గుడ్డసంచిలో ఆధారు కార్డు, బీపీ మాత్రలు, ఓ చీర పెట్టుకుని, యూరియా గోతాం కొప్పెర నెత్తిన వేసుకుని, ఆ గ్రిల్లు ముందు ఆటోలో మూడు గంటలు కూర్చుంది. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో ఆవిడ కొట్టుకుపోయి ఓ తుమ్మచెట్టుకి చిక్కుకుంది. తెల్లారేదాకా దాన్నే వాటేసుకుంది. దివిసీమలో సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయిన రాత్రి అది. పోయినవాళ్ళు ప్రభుత్వం లెక్కలోనే 10,000 దాకా. ఆ తర్వాతే మా వైపు ఈ షెల్టర్లు లేచాయి. ముంజేతి మీద ఆ ముళ్ళ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఆటోలోంచి గ్రిల్లు వంక అదేపనిగా చూసి చూసి అంది: “ఆ చెట్టుకి ముళ్ళున్నాయిగానీ తాళం లేదురా.”

ఇక మర్యాద నా వల్ల కాదు. ఒరేయ్ తాళంచెవీ, నువ్వు ఎవరి సొమ్మనుకున్నావురా? ఆ మేడ మేత బస్తాలకి కట్టింది కాదు. బస్తాలు తడవకుండా లోపల, మా మామ్మ తడుస్తూ బయట! చీకటి పడుతోంటే చంటిపిల్లల్ని చంకనేసుకుని స్తంభాల కింద నిలబడ్డ ఆడవాళ్ళని చూశాకే గునపం కోసం ఇంటికి పరిగెత్తాను. ముందే తేనందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ప్రభుత్వ ఆస్తి కదా అని మూడు గంటలు ఆగాను చూడు, ఆ మూడు గంటలకి నాకెవరు కడతారు 480?

లోపలికెళ్ళాక సెల్‌ఫోను వెలుగులో గోడ మీద చూశాం. నీలం రంగుతో నీటుగా రాసి ఉంది, గ్రామ విపత్తు ప్రణాళిక అని. ఎటు నుంచి ఎటు వెళ్ళాలో బాణాలు, అంబులెన్సు నంబరు, దాని కింద ‘తాళంచెవి బాధ్యులు’ అంటూ ఓ పేరు, ఓ ఫోను నంబరు. తాళం తీసినవాడికి మాత్రమే కనిపించేలా, తాళం ఎవరి దగ్గరుందో లోపలి గోడ మీద రాసిపెట్టారు! పోనీలే అని ఆ నంబరుకి కొట్టాం. ఆయన మూడేళ్ళ కిందటే బదిలీ అయిపోయాడట. ఎత్తాడుగానీ, పాపం. “ఇంకా తుఫాన్లొస్తున్నాయా మీకు?” అని పరామర్శించాడు.

ఆ రాత్రి మేత బస్తాలు మాకు బాగా పనికొచ్చాయి, అది ఒప్పుకోవాలి. మామ్మ రెండు బస్తాలకి చేరగిలబడి కునుకు తీసింది. పొద్దున్న లేచేసరికి ఒంటినిండా రొయ్యల కంపు.

సరే, డబ్బు కట్టేశాను. రసీదులో వివరంగానే రాశారు: ‘తాళం కప్ప 1, తాళంచెవులు 3’. అబ్బో, ఈసారి మీరు ముగ్గురన్నమాట! వాటిలో ఒకటి మామ్మకి ఇవ్వండి, ఆవిడ ఊరు దాటి పోదు, నిశ్చయ తాంబూలాలకి అసలే పోదు అన్నాను. పంచాయతీ మనిషి తల గోక్కున్నాడు. “మూడూ ఇచ్చాడండీ షాపాయన. ఎవరి దగ్గర పెట్టారో కనుక్కుని చెప్తాను” అని సైకిలెక్కాడు.

నవంబరు ఇంకా సగం కూడా కాలేదు. గునపం కడిగి, గుమ్మం పక్కనే ఆనించి పెట్టాను.

ఇట్లు,
రసీదు గలవాడు