డిలన్ గారి పెదాల మీద ఒక పరిశోధన

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ మీద వచ్చిన పుస్తకాలన్నీ పేరిస్తే ఒక లైబ్రరీ అవుద్ది. ఆయన మాటలకి అర్థాలు రాశారు, మౌనానికి అర్థాలు రాశారు, జానపద శైలి మామూలు గిటార్ పక్కనపెట్టి 1965లో ఎలక్ట్రిక్ గిటార్ ఎందుకు పట్టుకున్నాడని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. కానీ ఆయన పెదాల సంగతి ఏ ప్రొఫెసరూ పట్టించుకోలేదు. కాబట్టి ఆ భారం నా మీద పడింది. పాత మ్యూజిక్ వీడియోలన్నీ వరసపెట్టి, ఓసారి సౌండ్ పెట్టి ఓసారి తీసేసి చూశాక తేలిందేంటంటే, ఈయన జీవితాంతం పోరాడింది యుద్ధం మీదా ప్రభుత్వాల మీదా అని మనమంతా పొరబడ్డాం, అసలు పోరాటం లిప్ సింక్ మీద, అంటే రికార్డైన పాటకి పెదాలు కలపడం మీద.

మొదటి ఆధారం 1965, లండన్‌లో సవాయ్ హోటల్ పక్క సందు. ‘సబ్‌టెరేనియన్ హోమ్‌సిక్ బ్లూస్’. ఈ వీడియోలో పాట దాని మానాన అది నడుస్తుంటే ఈయన పాటలో ముక్కలు రాసిన అట్టలు ఒక్కోటీ చూపించి కింద పడేస్తుంటాడు, పక్కన కవి ఆలెన్ గిన్స్‌బర్గ్ నిలబడి కబుర్లు చెప్తుంటాడు. మ్యూజిక్ వీడియోలకి తాత లాంటిదని దీన్ని అందరూ తెగ పొగుడుతారు. నిజమే, కానీ ఆ తాత నోరు కదపలేదు కదా! పైగా పాటలో పదకొండు డాలర్లుంటే అట్ట మీద 20 ఉంటుంది. అంటే అట్టలతో కూడా సింక్ కుదరలేదన్నమాట.

ఆ తర్వాత చాలాకాలం ప్రశాంతంగానే గడిచింది. 1981లో పాటల వీడియోలు వేసే టీవీ చానల్ ఎంటీవీ మొదలైంది, దాంతో పాడినవాడు తను రికార్డులో పాడినట్టే కెమెరా ముందు మళ్ళీ నోరాడించాలి అనే కిరాతకమైన రూల్ వచ్చిపడింది. మిగతావాళ్ళకి ఓకే. ఈయనకెలా కుదురుద్ది? ‘పాడిందే పాటరా పాచిపళ్ల దాసరా’ అనే సామెత వర్తించని ఏకైక గాయకుడు ఈయన, నిన్న పాడింది ఇవాళ అదే ట్యూన్‌లో పాడితే పాపం అనుకునే రకం, కచేరీలో సగం పాట అయ్యేదాకా అది ఏ పాటో జనానికి అర్థం కాదు.

అయినా 1983లో ‘స్వీట్‌హార్ట్ లైక్ యూ’కి పెదాలు బానే కలిపాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అందులో గిటార్ సోలో (ఒంటరిగా వాయించే ముక్క) వాయించింది గిటారిస్ట్ మిక్ టేలర్, స్క్రీన్ మీద వాయిస్తున్నట్టు కనిపించేది ఇంకో గిటారిస్ట్ కార్లా ఓల్సన్. నోరు సెట్ అయ్యేసరికి వేళ్ళు మారిపోయాయి. ఆ వెంటనే వచ్చిన ‘జోకర్‌మాన్’లో అడ్వర్టైజింగ్ దిగ్గజం జార్జ్ లోయిస్ తెలివిగా డ్యూరర్, మైకెలాంజిలో లాంటి పాతకాలం చిత్రకారుల బొమ్మలేసి వాటి మీద పాట సాహిత్యం అచ్చేసేశాడు. ఈయన కోరస్‌లో మాత్రం వస్తాడు, అది కూడా చాలావరకు కళ్ళు మూసుకునే.

ఇక 1985. ఈ సంవత్సరానికి ఒక పీహెచ్‌డీ ఇవ్వొచ్చు. ‘టైట్ కనెక్షన్ టు మై హార్ట్’కి డైరెక్టర్ ఎవరనుకున్నారు, ‘టాక్సీ డ్రైవర్’ సినిమా స్క్రిప్ట్ రాసిన పాల్ ష్రేడర్. లొకేషన్ టోక్యో. అంత పెద్ద రచయిత, అంత పెద్ద కవి, అంత పెద్ద ఊరు, మూడూ కలిసి తీసినదాంట్లో కథేంటో నాకు ఇప్పటికీ తెలీదు. పోలీసులు ఉంటారు, అమ్మాయిలు ఉంటారు, నియాన్ లైట్లు ఉంటాయి, మధ్యలో డిలన్ గారు బస్సు దిగాల్సిన స్టాప్ దాటిపోయిన ప్రయాణికుడిలా తిరుగుతుంటారు. కామెడీ అని నవ్వేవాళ్ళున్నారు, నేను మాత్రం దీన్ని ప్రొటెస్ట్ సాంగ్‌గానే పరిగణిస్తున్నా.

అదే ఏడాది జనవరిలో, పెద్ద పెద్ద గాయకులంతా కలిసి విరాళాల కోసం పాడిన ‘వీ ఆర్ ది వరల్డ్’ రికార్డింగ్. కోరస్‌లో అందరూ ఊగిపోతుంటే ఈయన మొహం చూడండి, ఎవరి పెళ్ళికి వచ్చాడో మర్చిపోయినట్టు ఉంటుంది. సోలో లైన్ ఎలా పాడాలో తేలక ఇబ్బంది పడుతుంటే గాయకుడు స్టీవీ వండర్ పియానో దగ్గర కూర్చుని అచ్చం డిలన్ గొంతుతో పాడి చూపించాడు. అంటే డిలన్ లాగా ఎలా పాడాలో డిలన్‌కే ట్యూషన్ చెప్పారు! నేనేం కల్పించట్లేదు, ఫుటేజ్ ఉంది.

తర్వాత ఆయనకే జ్ఞానోదయం అయినట్టుంది, పని వేరేవాళ్ళకి అప్పజెప్పడం మొదలెట్టాడు. 2006లో ‘వెన్ ది డీల్ గోస్ డౌన్’లో అంతా హాలీవుడ్ నటి స్కార్లెట్ జోహాన్సనే, ఈయన లేడు. (నాకైతే నష్టమేం అనిపించలేదు.) 2009లో క్రిస్మస్ పాట ‘మస్ట్ బీ శాంటా’లో పొడుగాటి విగ్గు పెట్టుకుని హాయిగా నోరు కలిపి చిందులేశాడు, ఇది నా సిద్ధాంతానికి అడ్డం కాబట్టి అది విగ్గు చేసిన పని అని కొట్టేస్తున్నా. 2013లో ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ ఇంటరాక్టివ్ వీడియో వచ్చింది, టీవీ లాగా 16 చానళ్ళు, ఏది తిప్పినా వంటావిడ, న్యూస్ చదివేవాడు అందరూ ఈయన పాటకి పెదాలు కలుపుతుంటారు. మాస్టర్ స్ట్రోక్ అంటే ఇదీ. 2021లో, ఎనభై నిండిన ఏడాది, కచేరీ సినిమా ‘షాడో కింగ్‌డమ్’లో పక్కనున్న బ్యాండ్ మొత్తానికి మాస్కులు పెట్టించాడు, వాయించింది వాళ్ళు కాదని తర్వాత ఆల్బమ్ వచ్చాక బయటపడింది.

ఈయనకొచ్చిన సాహిత్య నోబెల్ సంగతి కూడా ఇందులో భాగమే. 2016 డిసెంబర్‌లో స్టాక్‌హోమ్ ఫంక్షన్‌కి ఈయన వెళ్ళలేదు, ఆయన పాట గాయని ప్యాటీ స్మిత్ పాడింది, పాపం ఆమె మధ్యలో తడబడి సారీ చెప్పి మళ్ళీ అందుకుంది, అంటే వేరేవాళ్ళ నోట్లో కూడా ఆ పాట కుదురుగా ఉండదని స్వీడన్ రాజుగారి ఎదుటే రుజువైంది. ప్రైజ్ మనీ కావాలంటే ఆర్నెల్లలోపు ఉపన్యాసం ఇవ్వాలన్నది రూలు. 2017 జూన్‌లో, గడువు ముగిసే ముందు, పంపించాడు. వీడియో అనుకునేరు, ఉత్త ఆడియో, వెనకాల పియానోతో. ఎనభై లక్షల స్వీడిష్ క్రోనార్లు ఇచ్చేశారు.