పేషెంట్ తాలూకు ఎవరండీ?

మన ఆసుపత్రుల్లో రోగి హక్కులకు ఎంత విలువ ఇస్తారో చూడాలంటే ఆపరేషన్‌కు ముందు రాత్రి పదకొండింటికి వార్డు బయట బెంచీ మీద కూర్చోవాలి. సరిగ్గా అప్పుడే సిస్టర్ ఫైలు పట్టుకుని వచ్చి "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అంటుంది. కునికిపాట్లు పడుతున్న బావమరుదులు, తోడల్లుళ్లు ఉలిక్కిపడి లేస్తారు. ముందు ఎవరు లేస్తే ఆ క్షణం నుంచి రోగి ఒంటికి వారే హక్కుదారు.

మొన్న గుంటూరులో మా వదినకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్. ఆ యోగం మా అన్నయ్యకు పట్టింది. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నామనే కాగితాల మీద పెన్సిల్‌తో ఇంటూ మార్కులు పెట్టిన చోటల్లా సంతకం చెయ్యాలి. మొత్తం పదకొండు. అన్నయ్య కళ్లజోడు కోసం జేబులు తడుముకుంటుంటే సిస్టర్ జాలిపడింది. "చదవక్కర్లేదు సార్, జస్ట్ ఫార్మాలిటీ." ఆపరేషన్ పేరు రాయాల్సిన చోట ఖాళీ. "అది తర్వాత నింపుతారు సార్." ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టమన్నవాణ్ని మా అన్నయ్య నడివీధిలో నిలబెట్టి కడిగేస్తాడు. ఇక్కడ మాత్రం పదకొండూ పెట్టి "థాంక్స్ అమ్మా" అన్నాడు.

భుజం మీదుగా తొంగి చూశాను. ఒక ఆణిముత్యం కనిపించింది. ఈ ఆపరేషన్ గురించి, దాని ప్రమాదాల గురించి, వేరే మార్గాల గురించి నాకు వచ్చిన భాషలో వివరించారు, నాకు పూర్తిగా అర్థమైంది అని. ఆ ముక్క ఉన్నది ఇంగ్లీషులో! నాకు వచ్చిన భాషలో చెప్పారని నాకు రాని భాషలో ఒప్పుకోవాలన్నమాట. ఇది రాసిన మహానుభావుడు ఎక్కడున్నాడో గానీ, మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. పైగా అందులో 'నేను' ఎవరు? పొట్ట వదినది, 'నేను' అన్నయ్య. కాగితం ప్రకారం కుట్లు కూడా ఆయనకే పడాలి.

గోడకు అవతల వదిన నిక్షేపంగా మెలకువగా ఉంది, ఫోనులో సుడోకు నింపుకుంటూ. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం అసలుదో దొంగదో దూరం నుంచే చెప్పేది. ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ తోచలేదు. నలభై మంచాల మధ్య పరుగెత్తే ఆ సిస్టర్‌ను ఏమనగలం? వివరించాల్సింది డాక్టరు.

రోగినే అడగాలన్నది తేలని విషయమేమీ కాదు. ఢిల్లీలో 44 ఏళ్ల మహిళ ఒకావిడ లాపరోస్కోపీతో, అంటే పొట్టలోకి సన్నటి కెమెరా గొట్టం పంపి, లోపల చూడటానికి మాత్రమే ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా బయటున్న తల్లి చేత సరేననిపించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి రానప్పుడు మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలని, పరీక్షకు ఒప్పుకుంటే కోతకు ఒప్పుకున్నట్టు కాదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. డాక్టరుకు ఫీజు రాదంది, పైన 25 వేల పరిహారం ఇమ్మంది. పాతిక వేలు!

ఢిల్లీ దాకా ఎందుకు? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో దేశానికే ముందున్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలు. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో వచ్చిన ముప్పై ఏళ్ల కూలి మనిషికి "ఉంచుకుంటే కేన్సర్ అవుతుంది, తీసేస్తే పీడా పోతుంది" అని చెప్పినవాళ్లు ఎంతమంది లేరు? అండాశయాలు కూడా పోతే ఒళ్లంతా ఆవిర్లొస్తాయని, ఎముకలు గుల్లబారతాయని చెప్పారా? మందులతో చూద్దామన్నారా? లేదు. వేలిముద్ర మాత్రం వేయించుకున్నారు, అదే ఇంగ్లీషు ముక్క కింద. ఏం అర్థమైందయ్యా ఆమెకు? మీ చెల్లెలికైతే ఇలాగే చెబుతారా?

వదిన కోలుకుంది. ఇంటికొచ్చాక సంగతి తెలిసి మండిపడి, కేసు షీటు కాపీ కావాలని ఆసుపత్రికి వెళ్లింది. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉందని కూడా చెప్పింది. కౌంటర్లో కుర్రాడు ఓపిగ్గా విని, ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"పేషెంట్ తాలూకు ఎవరండీ?"

"నేనే పేషెంట్‌ని."

"అది సరే మేడమ్, తాలూకు ఎవరైనా వచ్చారా?"