రెండో మెరుపు

నిన్న సాయంత్రం జరిగిందిది. ఇంట్లో ఇంకా ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు కాబట్టి రాసుకోవడానికి తీరిక చిక్కింది.

చుట్టాలంతా కలిశారు, ఫొటో అన్నారు. కెమెరా మా బావది, అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా. "ఏముంది, నొక్కడమే! మిగతాదంతా అదే చూసుకుంటుంది" అంటూ నా చేతిలో పెట్టి పక్కకెళ్ళిపోయాడు. 14 మందిని మూడు వరసల్లో సర్దిన భాగోతం వదిలేద్దాం.

మీట సగం నొక్కి, ఫోకస్ కుదిరాక పూర్తిగా నొక్కాలన్న జ్ఞానం నాకుంది. ఆ గర్వంలో, తెర మూలనున్న బుల్లి కన్ను బొమ్మను పట్టించుకోలేదు. ఏదో దిష్టి తగలకుండా పెట్టి ఉంటారులే అనుకున్నా. నొక్కాను. తళుక్కుమంది.

తర్వాత కెమెరా ఒక్క క్షణం ఆగింది. నా పరువు పోయింది ఆ క్షణంలోనే.

సంగతేమిటంటే, మసక వెలుతురులో కంటిపాప పెద్దదవుతుంది. ఈ చిన్న కెమెరాల్లో ఫ్లాష్, లెన్సుకు ఆనుకునే ఉంటుంది. వెలుగు సూటిగా కంట్లోకి దూరి, వెనకున్న రెటీనా దాకా వెళ్ళి, అక్కడి నెత్తుటి ఎరుపును వెంటేసుకుని తిన్నగా లెన్సులోకే తిరిగొస్తుంది. ఫొటోలో పసిపిల్లలు కూడా పిశాచాల్లా కనబడేది అందుకే. దీనికి విరుగుడుగా ముందొక ఉత్తుత్తి మెరుపు వేస్తారు. కంటిపాప ముడుచుకున్నాక అసలు మెరుపు, అసలు ఫొటో. ఆ కన్ను బొమ్మకు అర్థం ఇదట. గదిలో దీపాలన్నీ వేసుకున్నా ఎరుపు చాలామటుకు తగ్గేదట. ఇవన్నీ ఎప్పుడు తెలిశాయి? రాత్రి.

మొదటి మెరుపుకే అందరూ "అయిపోయింది" అనుకున్నారు. పెదనాన్న అప్పటిదాకా బిగబట్టిన పొట్టను భూమ్మీదకు విడుదల చేశాడు. అత్తయ్య నవ్వును మడిచి లోపల పెట్టేసుకుంది. వెనక వరసలో మామయ్య ఎంతసేపట్నుంచి ఓర్చుకున్నాడో, వీపు గోక్కోవడానికి మోచెయ్యి ఎత్తాడు. ఆ మోచేతి కింద పిన్ని మొహం. చిన్నాడి చూపుడువేలు ముక్కు ముఖద్వారం దగ్గరుంది. అప్పుడు పడింది రెండో మెరుపు.

కళ్ళు మాత్రం ఒక్కరివీ ఎర్రగా లేవు.

"మళ్ళీ!" అన్నాను. మళ్ళీ అదే. అయిదోసారికి వేలు ముక్కు లోపలికి చేరింది. చివరికి గొంతు పెంచి, "రెండోది పడేదాకా ఎవరూ ఊపిరి కూడా తీయకండి!" అని గద్దించాను. పెదనాన్నను గద్దించడం నా జీవితంలో అదే మొదటిసారి.

అప్పుడొచ్చాడు బావ. కెమెరా లాక్కుని, ఏదో బొత్తాన్ని టకటకా రెండుసార్లు నొక్కి కన్ను బొమ్మను తీసేశాడు. ముందే చెప్పొచ్చుగా అంటే, "నువ్వడగందే?" అన్నాడు. లేని ప్రశ్న ఎలా అడగాలో కెమెరాతో వచ్చిన పుస్తకంలో ఉంటుందేమో. ఆ పుస్తకం ఉన్న అట్టపెట్టెను ఆయనే ఎప్పుడో పారేశాడు.

బావ నొక్కాడు. ఒకే మెరుపు. చక్కగా వచ్చింది. కెమెరా సంచిలో వేసుకుని చక్కాపోయాడు.

14 మందీ ఊపిరి బిగబట్టి, కళ్ళింతింత చేసుకుని, రెండోదాని కోసం అలాగే కూర్చున్నారు. చెప్పాల్సింది నేనే. చెప్పలేదు.