అడగకుండానే పెట్టే ఆటోప్లే గారికి

మహారాజశ్రీ ఆటోప్లే గారి సముఖమునకు,

అడగనిదే అమ్మయినా పెట్టదని పెద్దలు చెప్పిన మాటను, ఒక వీడియో ముగియగానే అడగకుండానే మరొకటి నడిపించి, తమరు ఒంటిచేత్తో అబద్ధం చేశారు గనుక, ఆలస్యంగానైనా కృతజ్ఞతలు తెలుపుకోవడం ధర్మమని ఈ లేఖ రాస్తున్నాను.

నిన్న రాత్రి ఒక వార్తా వీడియో చూస్తూ, తలుపు చప్పుడైతే ఫోనును గ్లాసుకు ఆనించి లేచి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి తమరు నా ఖాళీ కుర్చీకి ఏనుగు పిల్ల స్నానం చూపించి, గడ్డం నున్నగా గీసుకునే పద్ధతి బోధించి, చెక్కపడవ తయారీ మొదలుపెట్టి ఉన్నారు. కుర్చీకి గడ్డం ఉండదన్న సంగతి తమకు అడ్డు రాలేదు. అయినా ఆ మూడూ నా డేటా ఖాతాలోనే పడ్డాయి. నెట్‌వర్క్ లెక్కపెట్టేది దాటిపోయిన బైట్లనే గాని చూసిన కళ్లను కాదు కదా!

తమ దాతృత్వం నా ఇంటికే పరిమితం కాదు. ప్రపంచ మొబైల్ నెట్‌వర్కుల్లో ఫోను మాటలను డేటా మించిపోయింది 2009 చివర్లో. 2010లో నెలకు పావు ఎక్సాబైట్‌కు కాస్త తక్కువని నెట్‌వర్క్ పరికరాల సంస్థ సిస్కో అంచనా వేసిన ఆ ప్రవాహం, ఇళ్లకు గాలిలో అందే బ్రాడ్‌బ్యాండ్‌ను కలపకుండానే 2023 చివరికి నెలకు సుమారు 130 ఎక్సాబైట్లకు చేరిందని అలాంటిదే మరో సంస్థ ఎరిక్సన్ అంచనా. ఒక్క ఎక్సాబైట్ అంటే 100 కోట్ల గిగాబైట్లు. ఆ ప్రవాహంలో దాదాపు ముప్పావు వంతు వీడియోయే. ఉత్తరాలు, పాఠాలు, బ్యాంకు పనులు, దారి చూపే పటాలు మిగిలిన పావు వంతులో ఒదిగి కూర్చున్నాయి. (160 అక్షరాల ఎస్సెమ్మెస్‌కు 140 బైట్లు చాలిన రోజుల్లో మనుషులు ఏం మాట్లాడుకున్నారో పాపం.)

ఇంజనీర్లు కొత్త స్పెక్ట్రమ్ (డేటాను మోసే రేడియో తరంగాలు) తెచ్చి, టవర్లను దగ్గర దగ్గరగా నాటి, 5జీ యాంటెన్నాలు బిగించి దారి వెడల్పు చేసిన ప్రతిసారీ, ఆ వెడల్పును కనిపెట్టి బొమ్మ నాణ్యతను దానంతటదే పెంచుకునే వీడియోలను తమరు వెంటబెట్టుకొచ్చారు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాచుకోవాలంటారు. తమ విషయంలో దుప్పటి ఎంత పొడవు కుట్టినా కాళ్లు బయటే. పైగా నేను వేలు కదపకముందే తరువాతి వీడియోను కొంత దించి సిద్ధంగా ఉంచే ముందుచూపు కూడా తమ బంధువర్గానికి ఉంది. నేను దాటవేస్తే ఆ దించినదంతా, ఎవరూ తినని విస్తరిలా, గంగపాలు.

ఇటీవల ఈ వృద్ధి వేగం కాస్త తగ్గిందని విని తమరు దిగులుపడవద్దు. రోజుకు గంటలు 24, తలకు కళ్లు రెండు కావడం వల్ల మనుషులతో ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు తప్పదు. కుర్చీలతో అలాంటి ఇబ్బందేమీ లేదు.

అన్నట్టు, సెట్టింగ్స్‌లో తమను ఆపే మీట ఒకటి వెతికి పట్టుకుని నొక్కేశాను. యాప్ కొత్త రూపు దాల్చగానే తమరు మళ్లీ వేంచేశారు. ఎలాగూ వచ్చారు గనుక ఒక్క మనవి: ఆ పడవ నీళ్లలో తేలిందో లేదో తెలియక మా కుర్చీ రాత్రంతా మెలకువగానే ఉంది.

ఇట్లు,
కుర్చీ తరఫున, బిల్లు కట్టేవాడు