నాలుగు చుక్కల దొరగారికి

మహారాజరాజశ్రీ ఓఎంఆర్ షీటు గారి దివ్యసముఖానికి,

అంబాజీపేట దగ్గర కొబ్బరి కొట్లో లెక్కలు రాసుకునే ఒక తండ్రి నమస్కరించి రాసుకునేదేమంటే అండి, ఇక్కడ అంతా క్షేమం. కాలవలో నీళ్ళున్నాయి. దాళ్వా నాట్లు పడుతున్నాయి. కాయ ధర ఎప్పట్లాగే మనం అమ్మేటప్పుడు తక్కువ, కొనుక్కునేటప్పుడు ఎక్కువ. తమరు కూడా తడవకుండా, చిరక్కుండా, మడత పడకుండా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మిమ్మల్ని మడత పెట్టకూడదని మా అమ్మాయికి పరీక్ష ముందు మూడుసార్లు చెప్పారటండి. మా అమ్మాయిని మడత పెట్టకూడదని మీకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

మా పిల్ల మూడో తరగతండి. మొన్న డిసెంబరులో, ధనుర్మాసం పట్టిన వారానికి, వాళ్ళ కాన్వెంటులో టాలెంట్ టెస్టు అన్నారు. పట్నం నించి ఎవరో వచ్చి పెట్టారు, పేరెందుకు లెండి. మూడొందలు కట్టించుకున్నారు. 40 ప్రశ్నలు, ప్రశ్నకి మీమీద నాలుగు గుండ్రాలు, జవాబనుకున్న గుండ్రాన్ని నల్లగా దిద్దితే మిషను చూసి మార్కులేస్తుంది. అప్పటికి వారం రోజులుగా మా పిల్ల తెల్లారగట్ట లేచి, శాలువా కప్పుకుని, వాకిట్లో వాళ్ళ మామ్మ పక్కన గొంతుక్కూచుని చుక్కల ముగ్గులు నేర్చుకుంటోంది. అలాంటి పిల్ల ముందు, వరసకి నాలుగు చొప్పున నలభై వరసల చుక్కలు తెచ్చి పెడితే ఏం చేస్తుందండీ?

ముగ్గేసింది.

మొదటి వరసలో మొదటి చుక్క, రెండో వరసలో రెండోది, మూడో వరసలో మూడోది, నాలుగో వరసలో నాలుగోది, అక్కణ్ణించి మెలిక తిప్పి మళ్ళీ మూడు, రెండు, ఒకటి. పైనించి కిందదాకా పాము పాకినట్టు దిద్దుకుంటూ పోయింది. ప్రశ్నలు చదవలేదా అంటే, "చివరి పేజీలో ఏనుగు బొమ్మ ఉంది నాన్నా, అది చూశాను" అంది.

పది రోజులకి రిపోర్టొచ్చింది. దళసరి కాగితం, రంగుల గ్రాఫులు రెండు. 40కి 13. "తార్కిక శక్తి మెరుగుగా ఉంది, గణితంలో మరింత శ్రద్ధ అవసరం" అని రాసి, ఆ శ్రద్ధ ఎక్కడ దొరుకుతుందో, ఏడాదికి ఎంతవుతుందో కింద ఫోన్ నంబరుతో సహా ఇచ్చారు. ఎదురింటి కుర్రాడు రెండు నెలలు ట్యూషన్‌కెళ్ళి, రాత్రి తొమ్మిదింటిదాకా కళ్ళు నులుముకుంటూ ప్రాక్టీసు షీట్లు నింపాడు. వాడికి 12.

మీ దగ్గర లెక్కలు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే గానీ, కొట్లో పనిచేసేవాణ్ణి, వేళ్ళు ఊరుకోవు. నాలుగింట్లో ఒకటి సరైన జవాబు కాబట్టి, కళ్ళు మూసుకుని పెట్టుకుంటూ పోయినా 40లో సగటున 10 తగులుతాయి. ఆ పదికి అటు మూడు, ఇటు మూడు అవడం మామూలే. అంటే మా పిల్ల 13కైనా, ఎదురింటివాడి 12కైనా, వాళ్ళ తెలివితో కాకి వాలడానికీ తాటిపండు పడడానికీ ఉన్నంత సంబంధమే. తమరు ఆ కాకిని పిలిచి తార్కిక శక్తికి కాగితం రాసిచ్చారు.

ఇందులో మీ తప్పు ఉందనను. మీమీద వెలుతురు పడుతుంది, తెల్లగా ఉన్నచోట తిరిగొస్తుంది, నల్లగా ఉన్నచోట రాదు. మీ మిషనుకి తెలిసింది అంతే. ఆ నలుపు తెలిసి దిద్దిందో, తెలీక దిద్దిందో, ముగ్గులో భాగంగా దిద్దిందో దానికి అక్కర్లేదు. అబద్ధమాడే నోరు కూడా లేదు పాపం దానికి. ఆ తర్వాత గ్రాఫులు గీసిన పెద్దమనుషులది ఒక వాటా, మాది ఒక వాటా.

మా వాటా ఏంటో కూడా ఒప్పుకోవాలి కదండి. ముగ్గు సంగతి తెలియక ముందు, 13 అని చూసి నేను మొదట అడిగిన మాట, "ఎదురింటి వాడికెన్ని?" పన్నెండని తెలిశాక కాఫీలో పంచదార సరిపోయినట్టనిపించింది. రాజమండ్రిలో ఉన్న మా బావగారికి ఫోన్ చేసి, వేరే ఏదో అడగడానికి చేసినట్టు చేసి, మధ్యలో ఈ ముక్క జారవిడిచాను. ఆయన కూడా పండితుడే. "మావాడికి వాళ్ళ స్కూల్లో 92 శాతం బావా" అన్నాడు. కాఫీ మళ్ళీ చప్పబడింది.

కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభలెక్కి, పచ్చటి వరిచేలు తొక్కుకుంటూ, కౌశిక ఏరు దాటుకుంటూ వచ్చి ఒకచోట కొలువుదీరతారు. చేను తొక్కారని రైతు కూడా ఏమీ అనుకోడు. అలాంటి చోట, జీళ్ళ కొట్టు పక్కన నించుని, ఎనిమిదేళ్ళ పిల్ల తల మీద చెయ్యేసి మా బంధువొకాయన అడిగిన మొదటి మాట, "ఏమ్మా, ర్యాంకెంత?" ఏకాదశ రుద్రులకి కూడా ఆ ప్రశ్నకి మందున్నట్టు లేదండి.

మా బావగారి 92 నన్ను రెండు రాత్రులు పడుకోనివ్వలేదు. మూడో రాత్రి గోదారి గుర్తొచ్చింది. మాకు కొలత అంటే ఏంటో నేర్పింది గోదారే కదా. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో వాళ్ళకి ఇవి ఎక్కాల్లాగా నోటికొచ్చు. అదే గోదారికి భద్రాచలంలో మొదటి హెచ్చరిక ఎంతనుకున్నారు? 43 అడుగులు. రెండోది 48, మూడోది 53. ఒకటే నది, అవే నీళ్ళు. అక్కడ 43, ఇక్కడ 11.75. మరి మా గోదారి చదువులో వెనకబడిందంటారా? రాజమండ్రి దాటేసరికి తెలివి తగ్గిందంటారా? ఎక్కడి సున్నా అక్కడిది. వాళ్ళ స్కూలు పేపరు వేరు, మీ పేపరు వేరు. ఆ 92నీ ఈ 13నీ ఒక గుంజకి కట్టి కొలుచుకుంటూ బావా బావమరుదులం నిద్ర చెడగొట్టుకున్నాం.

ఇంకో ముక్క. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 21 అడుగులు దాటింది. ఎవరైనా సెంటర్లో ఫ్లెక్సీ కట్టారా అండి, "21 అడుగులు సాధించిన మా గోదావరికి అభినందనలు" అని, దండతో, నాలుగు వైపులా స్టార్లతో? కట్టలేదు. గొడ్లని ఏటిగట్టెక్కించారు, బియ్యం అటకెక్కించారు, పడవలు సిద్ధం చేశారు. కొలత చూసేది ఏం చెయ్యాలో తెలుసుకోడానికి. మా ఊరి సెంటర్లో మాత్రం యూకేజీ పిల్లల ఫొటోలేసి, పళ్ళూడిన నవ్వుల కింద ర్యాంకులు రాసి కడుతున్నారు. వానకి ఆ ఫ్లెక్సీలు చిరిగాక కోళ్ళగూటి మీద కప్పుకుంటారు లెండి. వాటివల్ల జరిగే మేలు అదొక్కటే.

మీ వంశంలో ఒక పెద్దాయన ఉండేవారు, మీకు గుర్తుందో లేదో. పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే గారు 1905లో, సిమోన్ అనే ఆయనతో కలిసి బడిపిల్లలకి ఒక పరీక్ష తయారుచేశారు. ఏ పిల్లకి ఎక్కువ సాయం కావాలో తెలుసుకుని ఆ సాయం అందించడానికి చేశారండి. తెలివి ఇంతే, ఇక పెరగదు అని పిల్లల నుదుటిమీద రాయడాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఆయన తర్వాత వచ్చినవాళ్ళు ఆ పరీక్ష తీసుకుపోయి సరిగ్గా ఆ పనే చేశారు. పెళ్ళికని ఎరువు తెచ్చుకున్న గంగాళాన్ని తిరిగివ్వకుండా కుడితికి వాడుకున్నట్టు.

పైగా కొన్ని కొలతలు మా కోసం కానే కావు, అదీ మాకు ఎక్కదు. 2021 నవంబరు 12న జాతీయ సాధన సర్వే అని మూడు, అయిదు, ఎనిమిది, పది తరగతుల పిల్లలకి పెట్టారు. 2024 డిసెంబరు 4న పరఖ్ సర్వే అని మూడు, ఆరు, తొమ్మిది తరగతులకి పెట్టారు. ఏరిన బళ్ళలో, ఏరిన పిల్లలే రాస్తారు. జిల్లా ఎలా ఉంది, రాష్ట్రం ఎలా ఉంది అని చూస్తారు గానీ పిల్లవాడి పేరున మార్కు రాదు. అన్నం ఉడికిందో లేదో నాలుగు మెతుకులు పట్టి చూస్తాం, ఏ మెతుక్కి ఫస్ట్ ర్యాంకో చూడం కదా. అయినా మా వీధిలో ఒకావిడ వారం రోజులు స్కూలు చుట్టూ తిరిగింది, మావాడి పరఖ్ మార్కులు ఎప్పుడిస్తారని.

చట్టమైనా మా కంటే నిదానంగా ఉందండి. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న విద్యాహక్కు చట్టంలో 13వ సెక్షను, బడిలో చేర్చుకోడానికి పిల్లకి గానీ తల్లిదండ్రులకి గానీ వడపోత పరీక్ష పెట్టకూడదంటుంది. పెడితే మొదటిసారి 25,000 దాకా జరిమానా, తర్వాత ప్రతిసారీ 50,000. 30వ సెక్షనేమో ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, అయ్యేదాకా ఏ బోర్డు పరీక్షా పాసవ్వక్కర్లేదంటుంది. 2019లో సవరించి అయిదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టాలన్నారు గానీ, తప్పినవాళ్ళకి విడిగా చెప్పి, ఫలితాలొచ్చిన రెండు నెలల్లో మళ్ళీ రాయించాలన్నారు. ఇంత రాసిపెట్టి ఉన్నా, ఎల్‌కేజీ సీటు కోసం నేనూ మా ఆవిడా ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్ళి ఒక గదిలో "మీరు ఇంట్లో ఏ భాషలో మాట్లాడతారు" అన్న ప్రశ్నకి చెమటలు పట్టి కూచున్నాం. "ఇంగ్లీషేనండి" అన్నాను. గోదారోడి ఇంగ్లీషులో అండి ఉంటుందని అప్పుడు తట్టలేదు.

అలాగని మిమ్మల్ని గోదాట్లో కలిపేద్దామనడం లేదు. మాకు కొబ్బరికాయలు దింపే కార్మికుడొకతని కొడుకు అయిదో తరగతి చదువుతూ పెద్దాపురం నవోదయ బడిలో సీటుకి రాస్తున్నాడు. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. ఆ కుర్రాడికి మీరు నిజంగా ఒక తలుపు. వాడు గుండ్రాలు నింపడం నేర్చుకోవాల్సిందే, నేనే రోజూ సాయంత్రం కొట్లో కూచోబెట్టి చేయిస్తున్నాను. తలుపున్న చోట తాళంచెవి కావాలి. తలుపే లేని గోడకి మూడో తరగతి పిల్ల చేత తాళాలు తీయించడమెందుకో మాత్రం నాకు అర్థం కాలేదు.

మార్కుల కంటే నాకు పనికొచ్చిన ముక్క పేరెంట్సు మీటింగులో దొరికింది. నేను మీ రిపోర్టు పట్టుకెళ్ళి, "గణితంలో శ్రద్ధ కావాలట టీచరు గారూ" అన్నాను. ఆవిడ దాన్ని చూసి, బల్ల అంచున పెట్టి, మా పిల్ల లెక్కల నోట్సు తీశారు. "ఇది చూడండి" అన్నారు. 52 లోంచి 27 తీసేస్తే 35 అని వేసి ఉంది. ఇంకోచోట 61 లోంచి 38 పోతే 37. "రెండులోంచి ఏడు పోదు కదండి, అందుకని తిరగేసి ఏడులోంచి రెండు తీసేస్తోంది. ప్రతిచోటా ఇదే. పక్కింటి నించి పది అప్పు తెచ్చుకోవడం రాలేదు, అంతే. పుల్లల కట్టలు పెట్టి చూపిస్తే వచ్చేస్తుంది" అన్నారు.

అప్పు తెచ్చుకోవడం రాలేదట! మా ఇంట్లో మూడు తరాలుగా పక్కింటి నించి అప్పు తెచ్చుకునే బతుకుతున్నాం, దీనికొక్కదానికి ఎలా రాలేదో. ఆ సాయంత్రం ఈనెపుల్లలు పదేసి కట్టలు కట్టి కూచున్నాం. కట్ట విప్పి ఒకట్లలో కలిపితే పన్నెండవుతుందని మూడోరోజుకి దానికి తెలిసింది. మీ కాగితం మీద 35 అన్న గుండ్రం నల్లగా దిద్ది ఉంటే మీరు తప్పని చెప్పేవారు, ఇంకో తప్పుతో కలిపి కూడేవారు. ఆ 35 ఎలా వచ్చిందో అడగడం మీ ఉద్యోగంలో లేదు. 2022లో మన రాష్ట్రంలో ఒకటో తరగతి పిల్లల ముందుకి కూడా మిమ్మల్ని తెచ్చినప్పుడు, గీత దాటకుండా అక్షరం రాయడమే రాని చేతులకి గుండ్రాలు ఇచ్చి ఏం తెలుసుకున్నారో మీరే చెప్పాలి.

ఇట్లు,
40కి 13 తెచ్చుకున్న పిల్ల తండ్రి

తా.క. మీ కార్బన్ కాపీ ఒకటి ఇంటికిచ్చారు కదండి. దాన్ని మా అమ్మ చూసింది. ఆవిడకి చదువు రాదు. కళ్ళజోడు పెట్టుకుని, కాగితం దూరంగా పట్టుకుని, మెలికల వెంట వేలు దించుకుంటూ వచ్చి, ఇరవయ్యేడో వరస దగ్గర ఆపింది. అక్కడ మూడో చుక్క దిద్దాల్సింది మళ్ళీ రెండోదే దిద్దింది మా పిల్ల. "ఇదిగో అమ్మలూ, ఇక్కడ తప్పింది నీకు. ఇక్కణ్ణించి కిందదంతా పక్కకి జరిగిపోయింది చూడు" అంది. పిల్ల చూసింది. మర్నాడు తెల్లారగట్ట ఇద్దరూ వాకిలి తడిపి, అక్కణ్ణించే మళ్ళీ మొదలెట్టారు.